సగటున పగలని హెల్మెట్

ఒక హెల్మెట్ల ఫ్యాక్టరీ సాధించిన అపూర్వ విజయాన్ని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అక్కడి కొత్త హెల్మెట్ ఎంత దెబ్బకైనా పగలదని లెక్కలతో సహా రుజువైంది. పగలడం ఆ తర్వాత జరిగింది. దానికీ లెక్కకూ సంబంధం లేదు.

ఈ ఘనతంతా లెక్కల ఇంజనీరుది. పరీక్షలో ఇనపగుండు వచ్చి పడిన క్షణంలో హెల్మెట్ లోపల ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. విడుదలకు ముందురోజు తెరమీద హెల్మెట్ అంతా చల్లగా నీలంగా ఉంది గానీ, సరిగ్గా నడినెత్తిన, గాలి రంధ్రం మూల ఒక ఎర్రచుక్క వెలిగింది. అక్కడి ఒత్తిడి ఆ ప్లాస్టిక్ ఓర్చుకోగలిగినదానికి రెట్టింపు. ఇంజనీరుకు ముచ్చెమటలు పోశాయి. హెల్మెట్ గురించి కాదు, డైరెక్టరు బల్లమీద సంతకం కోసం పడున్న తన ప్రమోషన్ గురించి.

డైరెక్టరు తెరవైపు జాలిగా చూశాడు. "ఒక్క చుక్కకి ఇంత రాద్ధాంతమేంటయ్యా? మిగతా హెల్మెట్ ఏం పాపం చేసింది? అంతా కలిపి సగటు తియ్యి."

తీశాడు. ఎరుపు నీలంలో కరిగింది గానీ, అంకె ఇంకా ప్రమాదం గీతకు వెంట్రుకవాసి పైనే ఉంది. డైరెక్టరు కలానికి మూత పెట్టబోయాడు. అప్పుడు మెరిసింది ఇంజనీరు బుర్ర.

"సార్! గుండు తగిలేది రెప్పపాటే కదండీ. మిగతా రోజంతా హెల్మెట్ కొక్కేనికి వేలాడుతూ ఖాళీగానే ఉంటుంది. రోజు మొత్తానికి సగటు తీస్తే?"

తీశారు. ఒత్తిడి అజాపజా లేకుండా పోయింది. ఇంకాస్త లెక్కేస్తే గుండే హెల్మెట్‌కి తలంటుతుందని తేలేది. డైరెక్టరు ఆయన్ని కావలించుకుని, అక్కడికక్కడే సంతకం గీకేశాడు.

ఇంట్లో భార్య అంతా విని, "అయితే గుండు పడేటప్పుడు తల తీసి పక్కన పెట్టుకోవాలన్నమాట!" అంది.

"నీకు సగటు అర్థం కాదులే."

మర్నాడు వేదికమీద ఒక కుర్చీ, దానిపైన తాడుకు వేలాడుతూ ఇనపగుండు. డైరెక్టరు మైకు అందుకున్నాడు. "ఈ మహత్తర లెక్క కనిపెట్టిన తల కంటే నమ్మకమైన తల మనకెక్కడ దొరుకుతుంది? ఇంజనీరుగారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. వెళ్లకపోతే ప్రమోషన్ పోతుంది. వెళితే ఎర్రచుక్క. హెల్మెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, "సార్, నడినెత్తిన కాకుండా కొంచెం పక్కకి..." అని గొణిగాడు.

"భలేవాడివయ్యా! సగటులో పక్కేంటి, మధ్యేంటి?"

గుండు పడింది. హెల్మెట్ ఎర్రచుక్క దగ్గరే, గీత గీసినట్టు రెండు చెక్కలైంది.

డైరెక్టరు చెక్కుచెదరలేదు. "ఇక్కడ వెయ్యి తలకాయలున్నాయి. ఈ నొప్పిని అందరికీ సమానంగా పంచాం. ఎవరికైనా నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి!"

స్ట్రెచర్ మీంచి ఒక్క చెయ్యి లేచింది. పరుగెత్తుకొచ్చిన భార్య చేతులు రెండూ ఆయన తలను అదిమిపట్టి ఉండటంవల్ల లేవలేదు. వెయ్యిమందికి ఒక్క చెయ్యంటే సగటున సున్నా. హెల్మెట్ నెగ్గినట్టు ప్రకటించారు.

ఇంతకీ పాఠకులారా, మీకూ నెత్తిమీద ఏమీ అనిపించలేదు కదా? సంతోషం. మిమ్మల్నీ లెక్కలో కలిపేశాం.