తొర్రలో పులి గొంతు

ఒక పెద్ద అడవిలో వార్తలు చెప్పే పని కాకులది. తొర్ర ముచ్చట్లు రాకముందు సంగతి ఇది.

కాకుల పద్ధతి చాలా పొడి పద్ధతి. ఒక కాకి "రేవులో పులి!" అని అరిచేది. అరవగానే ఎవరూ పరిగెత్తేవారు కాదు. ఇంకో కాకి ఎగిరి వెళ్లి, తన కళ్లతో చూసి, "చూశాను!" అనాలి. ఆ రెండో కేక వినపడ్డాకే మందలు కదిలేవి. రెండు కాకులూ కూడబలుక్కుని అబద్ధం చెప్పే ప్రమాదం లేదు. వాటికి ఒకదాని మొహం ఒకదానికి గిట్టదు. ఈ పద్ధతి పుణ్యాన బోలెడు దుప్పులు ముసలితనం చూశాయి.

బొంతక్క అనే ముసలి కాకి ఈ వ్యవహారానికి పెద్ద. ఒక్క మాట ఎక్కువ వాడితే ఊరుకునేది కాదు. "రేవులో భయంకరమైన పులి" అన్నందుకు ఒక కుర్రకాకిని ఆ సీజనంతా కేక వెయ్యనివ్వలేదు.

"భయంకరం కాని పులిని నువ్వెక్కడ చూశావురా?" అని చీవాట్లు పెట్టింది.

నిజం చెప్పుకోవాలంటే ఇలాంటి వార్తలు వినడం ఒట్టి విసుగు. ప్రాణం దక్కుతుంది గానీ పొద్దు గడవదు. ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాడు గోతయ్య అనే నక్క.

గోతయ్యకి వేట చేతకాదు. పులి తినగా మిగిలింది తిందామన్నా, ముందు వెళ్లి నిలబడే ధైర్యం లేదు. వాడికి ఉన్నదల్లా గొంతు. కొండవాలులో గాలివానకి కూలిన మద్ది మాను ఒకటుంది. లోపలంతా తొర్రే. అందులో కూర్చుని దగ్గినా లోయంతా వినిపిస్తుంది. గోతయ్య అందులో దూరాడు. పేరు సంభాషణరావు అని మార్చుకున్నాడు.

"నమస్కారం, మీరు వింటున్నది తొర్ర ముచ్చట!" అన్నాడు.

మనుషుల్లో దీన్ని పాడ్‌కాస్ట్ అంటారట. పేరేదైతేనేం, కూర్చుని మాట్లాడటమే.

మొదటి అతిథి తాబేలు. తొందరపడకపోవడం గురించి పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చెప్పింది. తర్వాత ముళ్లపంది వచ్చి, కాపురంలో దగ్గరితనం గురించి మాట్లాడింది. ఎవరు ఏం చెప్పినా సంభాషణరావు మాట ఒకటే: "అబ్బా! ఇంకా చెప్పండి." మధ్యలో గొంతు మార్చి, "ఈ ముచ్చట మీకు అందిస్తున్నవారు ఎలుగుబంటి గారు. ఎలుగు తేనె, ఈగలు లేని తేనె" అనేవాడు. ఈగలు లేకుండా తేనె ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడగడం ముచ్చటకి మర్యాద కాదు.

అడవికి ఇది తెగ నచ్చింది. మేస్తూ వినొచ్చు, నెమరేస్తూ వినొచ్చు. దుప్పుల మందకి పెద్ద అయిన కొమ్ముల రాయుడికి మరీ నచ్చింది. ఒక సీజను ముచ్చట్లు పూర్తిగా వినేసరికి ఆయనకి అన్ని విషయాల మీదా అభిప్రాయాలు వచ్చేశాయి.

"కాకులు మనకి పులి వచ్చిందనే చెప్తాయి," అన్నాడు ఒకనాడు మందతో. "ఎందుకొచ్చిందో ఎప్పుడైనా చెప్పాయా? పులి వైపు మాట ఒక్కసారైనా వినిపించాయా? ఇదేం వార్త, సగం వార్త."

మంద తలలూపింది. చుక్కమ్మ ఒక్కతే ఊపలేదు. అది ఆ ఏడాదే తొలిచూలు పిల్లని కన్న దుప్పి.

"ఎందుకొస్తే మనకేం బావగారూ? వచ్చిందని తెలిస్తే చాలదూ, పిల్లల్ని తీసుకుని పోతాం," అంది.

"అదేనమ్మా పాతకాలం బుద్ధి. లోతుగా ఆలోచించాలి," అన్నాడు రాయుడు.

లోతుగా ఆలోచించడం మొదలయ్యాక అడవిలో తొర్రలకి కరువొచ్చింది. వడ్రంగిపిట్టకి కొత్త తొర్రలు తొలవలేక ముక్కు అరిగింది. ఒక ఉడుత ఇంకో ఉడుతని అతిథిగా పిలిచేది, మర్నాడు ఆ ఉడుత ఈ ఉడుతని పిలిచేది. వినేవాళ్లకన్నా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. కుర్రకాకులు ఒక్కొక్కటే బొంతక్కని వదిలేశాయి. రెండో కేక వేసే చిట్టికాకి కూడా ఒక వేపచెట్టు తొర్రలో చేరి 'చూడటం అంటే ఏమిటి?' అనే ముచ్చట పెట్టుకుంది. ఎగిరి వెళ్లి చూసి రావడంకన్నా, చూడటం గురించి మాట్లాడటం సుఖం కదా.

"మరి రెండో కేక ఎవరు వేస్తారే?" అని అడిగింది బొంతక్క.

"నువ్వే రెండుసార్లు అరువు అత్తా, ఎవరికి తెలుస్తుంది?" అంది చిట్టికాకి.

బొంతక్క ఒంటరిగా రేవు వైపు ఎగిరిపోయింది. నాకైతే ఆ చిట్టికాకి రెక్కలు కట్టేసి రేవులో పడెయ్యాలనిపిస్తుంది.

ఈలోగా సంభాషణరావు ఎవరూ తేలేని అతిథిని తెచ్చాడు. పులిని.

ఆరోజు అడవిలో ఒక్కరూ మెయ్యలేదు. తొర్రలోంచి పులి గొంతు మెత్తగా వచ్చింది.

"మా అమ్మ నన్ను చిన్నతనంలోనే వదిలేసి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఎవర్ని చూసినా దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. వాళ్లే పారిపోతారు."

"అబ్బా! ఇంకా చెప్పండి."

"ఈమధ్య వెదురు చిగుళ్లు రుచి చూస్తున్నాను. మనసుకి తేలిగ్గా ఉంటోంది."

దుప్పులు బొటబొటా కన్నీళ్లు కార్చాయి. "పాపం, ఎంత ఒంటరివాడో," అంది ఒక ముసలి దుప్పి. దాని ఇద్దరు కొడుకుల్ని తిన్నది ఈ పులే.

ముచ్చట అయ్యాక పులి తొర్రలోంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు. "రోజూ ఇందులో కూర్చుంటే నా వేటేం గానురా?" అన్నాడు.

"అక్కడికే వస్తున్నాను దొరా," అన్నాడు సంభాషణరావు. కొమ్మ మీదున్న గోరువంకని చూపించాడు. "ఇది ఒకసారి విన్నదాన్ని గొంతుతో సహా అప్పజెప్తుంది. మీ గొంతు తొర్రలో, మీరు రేవులో. మీరు ఇక్కడే ఉన్నారని మంద అక్కడికి నిశ్చింతగా వస్తుంది. మీరు తినగా మిగిలింది నాకు."

పులికి ఈ ఏర్పాటు నచ్చింది. మిగిలింది వేడివేడిగా తినడానికి తను కూడా రేవు దగ్గరుండాలని, సంభాషణరావు తన ప్రశ్నల్ని కూడా గోరువంకకి నేర్పేశాడు. ఇది పాపం కదా అని గోరువంక అనలేదు. "విన్నది చెప్పడం వరకే నా పని," అంది.

మర్నాడు పొద్దున తొర్రలోంచి వెదురు చిగుళ్ల మాటలు మళ్లీ మొదలయ్యాయి. మంద వింటూ వింటూ రేవుకి దిగింది. పైనుంచి బొంతక్క గొంతు చించుకుంది.

"రేవులో పులి!"

"ఆ ముసలిదాన్ని కాస్త నోరు మూసుకోమనండి, మంచి ఘట్టం పోతోంది," అన్నాడు రాయుడు. "పులిగారు అక్కడ మాట్లాడుతుంటే ఇక్కడికెలా వస్తారు?"

చుక్కమ్మ మాత్రం ఆగింది. చెవులు రిక్కించి రెండో కేక కోసం చూసింది. అది రాలేదు. చిట్టికాకి తొర్రలో చూడటం గురించి మాట్లాడుతోంది. చుక్కమ్మ పిల్ల అప్పటికే నీళ్లలో మూతి పెట్టింది. పొదలోంచి పులి దూకాడు. పిల్లకి అమ్మా అనే వ్యవధి కూడా దొరకలేదు.

మంద వెనక్కి చూడకుండా చెదిరి పారిపోయి, ఒడ్డున దూరంగా మళ్లీ చేరింది. చుక్కమ్మ ఏడుస్తూ, "పులే! నా కళ్లముందే!" అంది.

"నీ కడుపుకోత మాకు తెలుసమ్మా," అన్నాడు రాయుడు. "కాని ఆ వేళకి పులిగారు తొర్రలో ఉన్నారు. మేమంతా విన్నాం. చూసింది నువ్వొక్కతెవే. ఇంకేదైనా మృగం అయ్యుంటుంది. తొందరపడి ఎవరి మీదా నింద వెయ్యకూడదు."

ఆ తర్వాత చుక్కమ్మ మేత మానేసింది. రేవుకి దిగే దారిలో అడ్డంగా నిలబడి, పిల్లలతో వచ్చే ప్రతి తల్లినీ బతిమాలింది. నా పిల్ల ఎలాగూ పోయింది, మీ పిల్లల్నైనా దక్కించుకోండి అంది. పైన కొమ్మ మీద బొంతక్క కూర్చుంది. తల్లులు రాయుడికి ఎదురుచెప్పలేదు గాని, ఏదో పనున్నట్టు వెనక్కి తిరిగి, ఎగువన చెలమలో నీళ్లు తాగారు. రేవులో పులికి కడుపు మాడింది.

సంభాషణరావు గాభరాగా చుక్కమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నీ బాధ అడవంతా వినాలి. తొర్రకి రా. 'తల్లి మనసు' అని పెడదాం. పులి అనే మాట మాత్రం వద్దు, వినేవాళ్లు ఇబ్బంది పడతారు. 'ఆరోజు జరిగింది' అను, చాలు. నువ్వు ఏడుపు ఆపుకోలేని చోట నేను తేనె గురించి రెండు ముక్కలు చెప్తాను."

చుక్కమ్మ వెనక్కి తిరిగి, కాళ్లతో వాడి మొహం నిండా మట్టి చిమ్మింది. ఆ అడవిలో సంభాషణరావుకి దొరికిన సరైన జవాబు అదొక్కటే.

వాడు మొహం తుడుచుకుంటూ పులి దగ్గరికి వెళ్లాడు. "కంగారుపడకండి దొరా. ఇంకో రెండు మంచి ముచ్చట్లు పడితే మంద దానంతటదే వస్తుంది."

"నాకు ఇప్పుడు ఆకలిగా ఉంది," అన్నాడు పులి.

సంభాషణరావు ఒకడుగు వెనక్కి వేశాడు. "నేను లేకపోతే మిమ్మల్ని ప్రశ్నలు అడిగేదెవరు దొరా?"

"అబ్బా! ఇంకా చెప్పండి," అంది పైనుంచి గోరువంక, అచ్చం వాడి గొంతుతో.

పులి ఒకసారి గోరువంక వైపు చూశాడు. ఒకసారి సంభాషణరావు వైపు చూశాడు. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

"పులి నక్కని తినేసింది!" అని అరిచింది బొంతక్క. రెండో కాకి లేదు గనక చుక్కమ్మే పరిగెత్తింది. పొదల సందులోంచి నక్క తోకని, పక్కనే మూతి నాక్కుంటున్న పులిని చూసింది. బిడ్డ పోయాక మొదటిసారి దాని ప్రాణం లేచొచ్చింది. ఇక ఈ అబద్ధం నిలవదు. రొప్పుతూ మంద మధ్యకి వచ్చి పడింది.

"చూశాను! నక్క చచ్చాడు. నా కళ్లతో చూశాను!"

సరిగ్గా అప్పుడే, గోరువంక మళ్లీ చేరిన తొర్రలోంచి హుషారుగా వినిపించింది: "నమస్కారం, మీరు వింటున్నది తొర్ర ముచ్చట!"

"విన్నారా?" అంది చుక్కమ్మ. "చచ్చినవాడి గొంతు వస్తోంది. పులి గొంతూ అలాగే వచ్చింది. గొంతు అక్కడుంటే వాడు అక్కడున్నట్టు కాదు! ఇప్పటికైనా తెలిసిందా?"

రాయుడు చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"చచ్చినవాడు ఇంత హాయిగా మాట్లాడతాడా?" అన్నాడు చివరికి. "నక్కగారు చచ్చారనేది నీ అభిప్రాయం చుక్కమ్మా. దాన్ని మేం గౌరవిస్తాం."

ఒక పడుచు దుప్పి చుక్కమ్మ పక్కకి వచ్చి, మెచ్చుకోలుగా అంది: "ఎంత బాగా చెప్పావు వదినా, ఒళ్లు జలదరించింది. నువ్వూ ఒక తొర్ర చూసుకోరాదూ?"

తర్వాత మంద చుక్కమ్మకి తగలకుండా మర్యాదగా పక్కనుంచి నడిచి, పిల్లల్ని ముందు పెట్టుకుని, చెవులు కొండవాలు వైపు తిప్పుకుని, రేవులోకి దిగింది.

నీతి: పులి మనసు పూర్తిగా అర్థం చేసుకుని దాని నోట పడటంలో ఉన్న తృప్తి, ఏమీ అర్థం కాకుండా పారిపోయి బతకడంలో లేదు.