హాల్లో తిరిగిన డ్రయరు

కొత్త మిషను మొదటి రోజే పనిచేసిందంటే ఆ ఇల్లు బాగుపడదు. ఈ మాట నేను తమాషాకు అనడం లేదు. అందులోనూ అది బట్టలారబెట్టే డ్రయరైతే, దానికి కరెంటు సరిగా అందకపోవడమంత శుభం ఇంకొకటి లేదు!

నమ్మకం కుదరలేదా? అయితే ప్రొద్దుటూరులో మా వీధికి, మైమూన్ ఇంటికి రండి.

మైమూన్ మరిది ఖాజా కువైట్‌లో ఉంటాడు. ఈసారి సెలవుకొస్తూ వదినకని కార్గోలో డ్రయరు వేయించాడు. ఎండాకాలంలో దుప్పటికి రెండో క్లిప్పు పెట్టేలోగా మొదటి కొస ఆరిపోయే ఊరికి డ్రయరెందుకు? వీధంతా ఈ ప్రశ్నే వేసింది. కానీ అది వచ్చి దిగింది నవంబరులో, తుపాను ముసురు పట్టినప్పుడు. మైమూన్ కూతురు ఆర్షియా పురుడు పోసుకుని పుట్టింట్లోనే ఉంది. ఇంటి నిండా తాళ్ళు, తాళ్ళ నిండా పొత్తిగుడ్డలు. ఒక్కటీ ఆరదు. వాటిని తడిపే పనిలో మాత్రం చంటివాడు ఏ లోటూ రానివ్వడం లేదు.

కాబట్టి డ్రయరును వెనక వసారాలో, వాషింగ్ మిషను పక్కన, గౌరవంగా కూర్చోబెట్టారు.

దాని ప్లగ్గుకు పలక పిన్నులు. మన గోడలకేమో గుండ్రటి బొక్కలు. ఆ ప్లగ్గు కోసేసి మనది బిగిస్తే సరిపోయేది. ఖాజా ఒప్పుకోలేదు. కోస్తే అది కువైట్ నుంచి వచ్చినట్టు గుర్తేముంటుంది? అందుకని ప్లగ్గుకో కన్వర్టరు, కన్వర్టరుకో జంక్షన్ బాక్సు, ఆ బాక్సు నుంచి సన్నటి వైరు వంటింటి కిటికీలో దూరి, గడప దాటి, హాల్లో ఫోను ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు దాకా. రైలుకు పెట్టెలు తగిలించినట్టు తగిలించారు.

స్విచ్ వేశారు. లోపల లైటు వెలిగింది. డ్రమ్ము నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు ఓ సగం తిరిగింది. ఇల్లంతా చీకటి.

ఇక చూడండి, మేళ్ళు ఎలా మొదలయ్యాయో!

మొదటిది, కుటుంబ ఐక్యత. మైమూన్ భర్త అమీర్ బాషాకు గుడ్డల అంగడి ఉంది. ఆయన వెనక వసారాలోకి అడుగుపెట్టగా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. అలాంటి మనిషి పైజామా పైకెగగట్టి, డ్రయరు ముందు గొంతుకూర్చున్నాడు. అక్కడ కొళాయి కారుతోందని కూడా అప్పుడే కనిపెట్టి, తనకెందుకు చెప్పలేదని భార్యను కోప్పడ్డాడు. ఆమె ఎన్నోసార్లు చెప్పిన సంగతే అది.

రెండోది, ఆరోగ్యం. గడపకడ్డంగా మోకాలెత్తున వేలాడే వైరును ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం ఎగిరి దాటారు. బాలింత తప్ప! డబ్బు పోసి జిమ్ముకు పోయేవాళ్ళకు ఈ వ్యాయామం దొరుకుతుందా?

మూడోది, విజ్ఞానం. ఎలక్ట్రీషియన్ శాంసన్ వచ్చి మిషను వీపు విప్పాడు. ఫ్యూజు చూశాడు, తలుపు స్విచ్చు నొక్కి చూశాడు. అన్నీ బాగున్నాయి. ప్లగ్గులో కరెంటుందో లేదోనని టేబుల్ ఫ్యాను పెట్టి చూశారు. ఫ్యాను హాయిగా తిరిగింది. దాంతో తప్పు డ్రయరుదేనని అమీర్ బాషా తేల్చేశాడు.

ఖాజాకు రోషమొచ్చింది. "ఇది కువైట్ మాలు. మీ కరెంటులోనే బలం ల్యా" అన్నాడు.

"మా కరెంటుకేమైందిరా? ఇన్నాళ్ళూ ఫ్రిజ్జు ఎట్ల నడిచింది?"

అన్నదమ్ములు చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. శాంసన్ తెలివైనవాడు. ఎవరినీ నొప్పించకుండా నేరాన్ని వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి నెట్టాడు. ఇద్దరికీ అది బాగా నచ్చింది.

ఈ హడావుడిలో మైమూన్ మొదటి రోజే ఒక మాట అనింది. "ఈడ పవర్ ప్లగ్గు ల్యా. ఇంత సన్నం వైరు దాన్ని మొయ్యదు." గీజరుకు, ఏసీకి పెట్టినట్టు లావు వైరుతో పెద్ద ప్లగ్గు కావాలని ఆమె భావం. మగవాళ్ళు మిషను వీపు చూశారు, కడుపు చూశారు, కాళ్ళ కింద కూడా చూశారు. గోడ వైపు మాత్రం ఎవరూ చూడలేదు. మైమూన్ పోయి టీ పెట్టింది.

అంతలో శుక్రవారం వచ్చింది. జమ్మలమడుగు నుంచి ఆర్షియా అత్తామామలు మనవణ్ణి చూసేందుకు వస్తున్నారు. పొద్దున్నుంచి వాన తెరపియ్యలేదు. పొడిగుడ్డ అన్నది ఇంట్లో లేకుండా పోయి, ఆర్షియా తన పెళ్ళినాటి దుపట్టా చించి బిడ్డకు చుట్టింది. అది చూశాక మైమూన్ ఇక ఎవరినీ ఏమీ అడగలేదు.

మగవాళ్ళు నమాజుకు పోగానే శాంసన్‌ను పిలిపించింది. పలక ప్లగ్గు కోయించి, మన పెద్ద ప్లగ్గు బిగించమనింది. ఇద్దరూ కలిసి డ్రయరును హాల్లోకి తోశారు. ఆ ఇంట్లో పవర్ ప్లగ్గు ఉండేది హాల్లోనే, ఏసీకి. ముసురులో ఏసీ ఎందుకంటారా? వియ్యంకులు వస్తున్నారు కదా, గది చల్లగా ఉండాలని అమీర్ బాషా పొద్దున్నే వేసి పోయాడు! మైమూన్ ఏసీ ప్లగ్గు పీకి, డ్రయరు ప్లగ్గు పెట్టింది.

డ్రయరు విమానంలా లేచింది. అది కువైట్ నుంచి వచ్చిందని అప్పుడే అందరికీ నమ్మకం కుదిరింది.

నమాజు నుంచి అమీర్ బాషా, ఖాజా, దారిలో కలిసిన వియ్యంకుడు షాహుల్, ఆయన భార్య, అందరూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. వచ్చేసరికి సోఫాకు ఎదురుగా, టీవీ ఉండాల్సిన చోట డ్రయరు. దాని గుండ్రటి అద్దంలో చంటివాడి పొత్తిగుడ్డలు గిరగిరా తిరుగుతున్నాయి. వియ్యంకుడి మొహం మీద వేడిగాలి. షాహుల్ సాబ్ పెద్దమనిషి. సోఫాలో కూర్చుని, సీరియల్ చూసినట్టు ఆ అద్దాన్నే కాసేపు చూశాడు. ఆ పైన నెమ్మదిగా అడిగాడు.

"ఏం అమీర్ భాయ్, మీరు గుడ్డలు హాల్లోనే ఆరబెడతారా?"

అమీర్ బాషా అప్పుడు గోడ వైపు చూశాడు. టీ తెచ్చిన మైమూనే జవాబిచ్చింది.

"యాడ పవర్ ఉంటే ఆడనే కదా భాయ్ పెట్టాల్సింది. చక్కెర సరిపోయిందా?"

షాహుల్ భార్య వెచ్చటి గుడ్డ ఒకటి తీసి మనవడికి చుట్టి, చెంపకు ఆనించుకుంది. హాల్లో ఏసీ ఆగిపోయిందన్న సంగతే ఆమెకు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మా వీధంతా డ్రిల్లింగ్ మిషను మోత. శాంసన్ గోడ కొడుతున్నాడు. లావు వైరు, విడిగా ఎంసీబీ స్విచ్చు, పెద్ద ప్లగ్గు, అన్నీ వెనక వసారాకు. పక్కన నిలబడి అమీర్ బాషా పురమాయిస్తున్నాడు: "మంచి వైరెయ్యప్పా. ఆడోళ్ళు పనిచేసే జాగా. పవర్ ప్లగ్గు ఉండాల్సింది ఈడ, నేనెప్పటి నుంచో అనుకుంటాండా."

మైమూన్ శాంసన్‌కు టీ తెచ్చిచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు వైరింగు రోజున ఆమె కూడా ఇదే మాట అనింది. తర్వాత చూద్దాంలే అన్నారు. ఆ తర్వాత హాల్లో షోకేసుకు లైట్లొచ్చాయి, చేపల తొట్టికి ప్లగ్గొచ్చింది, చేపలు పోయినా ప్లగ్గు ఉంది. వసారాకు మాత్రం కిటికీలోంచి సన్నటి వైరే. ఇన్నేళ్ళూ గ్రైండరు ఆడించినా, వాషింగ్ మిషను తిప్పినా ఆమె రబ్బరు చెప్పులేసుకునే నిలబడింది. ఒకసారి షాక్ కొట్టి చెయ్యి మూడు రోజులు తిమ్మిరెక్కింది. అప్పుడు ఇంట్లోవాళ్ళు చెప్పిన పరిష్కారం ఏమిటో తెలుసా? చేతులు తుడుచుకుని స్విచ్ వెయ్యమని!

కోసేసిన పలక ప్లగ్గు ఇప్పుడు షోకేసులో, ఆ లైట్ల కింద ఉంది. ఖాజా దాన్నక్కడ పెట్టుకున్నాడు. మైమూన్ రోజూ దాని మీద దుమ్ము తుడుస్తుంది, కాస్త నవ్వుకుంటూ.

ఇప్పుడు చెప్పండి, ఆ డ్రయరు మొదటి రోజే పనిచేసి ఉంటే ఏమయ్యేది? ఆ వసారా గోడకు పవర్ ప్లగ్గు వచ్చేదా?

మా ఇంట్లోనూ హాల్లో బోర్డు నిండా ప్లగ్గులే. వంటింటి గట్టు దగ్గర ఒక్కటీ లేదు. ఎన్నిసార్లు చెప్పినా మావారు టెస్టరు తెచ్చి మిక్సీని పరీక్షిస్తున్నారు. అందుకని, కువైట్‌లో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఓ డ్రయరు చూసిపెట్టమనండి. పాతదైనా పర్వాలేదు. చెడిపోయింది మాత్రం వద్దు. హాల్లో బ్రహ్మాండంగా తిరగాలి. మా వియ్యంకులు వచ్చే నెలలో వస్తున్నారు.