ఏకాభిప్రాయ బిందె

మానవజాతి చరిత్రలో చక్రం తర్వాత అంతటి గుండ్రని ఆవిష్కరణ స్మార్ట్ బిందె. కర్నూలులోని బిందెల ఆధునికీకరణ మండలి దీన్ని రూపొందించి, మొట్టమొదట ఆలూరు పక్కన ఒక ఎండిన ఊరికి ప్రసాదించింది. (తడి ఊళ్లో పరీక్షిస్తే నీళ్లు దొరికి ఫలితాలు పాడవుతాయట.)

అంతదాకా ట్యాంకర్ వచ్చే రోజున ఆడవాళ్లు వరుసలో బిందెలు పెట్టేవారు. బిందె ఖాళీ లేనివాళ్లు రాయి పెట్టేవారు. రాయికి పారదర్శకత లేదని మండలి తేల్చింది. ఇప్పుడు బిందెబిందెకూ ఓ డిజిటల్ టోకెన్. అన్నీ బ్లాక్‌చైన్ అనే గొలుసులో. (ఆడవాళ్ల మెడల్లో లేకున్నా బిందెలకు గొలుసులొచ్చాయి. ఇదీ అభివృద్ధి.) ఒక బిందె నిండాలంటే వరుసలో అందరూ ఫోన్లో ‘సమ్మతం’ నొక్కాలి. ఒకసారి నమోదైతే బ్రహ్మ కూడా చెరపలేడు.

గంగక్క బర్రె ఆ పొద్దునే ఈనింది. ఇంట్లో దానికి పెట్టడానికి చుక్క నీరు లేదు. ట్యాంకర్ వచ్చింది. వరుసలో గంగక్కే ముందు. అందరూ నొక్కారు, గిడ్డమ్మ తప్ప.

“నొక్కు గిడ్డమ్మా! బర్రె నాలిక బయటేసుకోనుండాది!”

“మీ కుక్క నా కోడిని తిన్నపుడు నా సమ్మతం ఎవురడిగినారు?”

“అది పోయిన ఏడు కదే!”

“గొలుసులో చెరగదంట గదా. నా కడుపులో గూడా అంతే.”

బిందె అధికారి భూపేష్ పులకించిపోయారు. వికేంద్రీకరణ ఇంత లోతుగా వేళ్లూనుతుందని ఆయన కూడా ఊహించలేదు. ట్యాంకర్ డ్రైవర్ మాత్రం పక్క ఊరికి పోవాలని హారన్ కొట్టాడు.

“మా పుంజును తీస్కపో తల్లీ, నొక్కు!” అంది గంగక్క.

గిడ్డమ్మ నొక్కింది. బిందెలన్నీ ఒక్కసారిగా సన్నాయి పాడాయి. ‘గంగక్క బిందె నిండినది’ అని ఫోన్లో పూలవాన కురిసింది. ట్యాంకర్ అప్పటికే దుమ్ములో మలుపు తిరిగింది.

గంగక్క బిందెను బోర్లించి భూపేష్‌కు చూపింది. “ఏమప్పా, నీళ్లు యాడ?”

“మా డిజైన్లో నిండడమంటే నిండిందని అందరూ ఒప్పుకోవడం అక్కా. నీళ్లు రెండో దశలో.”

“అట్లయితే చెరిపెయ్యి. మళ్లా ట్యాంకర్ వచ్చినపుడు పట్టుకుంటా.”

“చెరపలేం. అదే దీని గొప్ప. నిండిన బిందెకు మళ్లీ వరుసలో చోటుండదు కూడా.”

గంగక్క ఇంటికి పోయి ఆ ఫోన్నే బర్రె ముందు పెట్టింది. బర్రె తెరను ఆత్రంగా నాకింది. ‘సమ్మతం’ నమోదైంది.

ఆ సాయంత్రం మండలి ప్రకటనలో, ఆ ఊళ్లో దాహం తీరినవారి సంఖ్య ఒకటి పెరిగింది.