వడ్రంగిపిట్ట చెరిపేసిన పేర్లు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ అంత కాదు, కుందేలు పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి అవతలి వాగు చేరేంత, ఒక కచేరీ ఉండేది. దాని ముందు ఎండిపోయిన మద్దిమాను. పొరుగు అడవుల నుంచి ఏదో ఒక పనికని పిలిపించుకున్న జంతువుల పేర్లన్నీ ఆ మాను మీద చెక్కి ఉండేవి. మాను మీద పేరుంటేనే అడవిలో కాపురం.

రోజూ కచేరీ మొదలయ్యే ముందు ఆ పేర్లన్నీ చదవాలి. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళవి కూడా. చదివేసరికి మిట్టమధ్యాహ్నం. మా కాలేజీలోనూ అంతే, హాజరు పిలవడం అయ్యేసరికి గంట కొట్టేవారు. మాకదే హాయి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఈ పేర్లు తగ్గించడానికని కార్యదర్శి నక్క గుర్నాథం ఒక వడ్రంగిపిట్టను సింహం ముందుకి పట్టుకొచ్చింది.

"ప్రభూ, దీనికి చెవులున్నాయి, ముక్కుంది, ఆలోచన లేదు. నెలంతా వింటుంది. నెలలో ఎవరూ పిలవని పేరుని పొడిచి చెరిపేస్తుంది. పేరు పోయినవాళ్ళు అడవి విడిచిపోవాలి."

"ఆలోచన లేదా? అయితే నమ్మొచ్చు," అని సింహం పంజా ముద్ర వేసింది.

ఇక చూడాలి సందడి! నెమలి "నీలాంబరం గారూ!" అని తనను తానే పిలుచుకుని, "ఆఁ, వస్తున్నా!" అని తనే పలికేది. కోతులు కొమ్మకొకటి ఎక్కి ఒకదాన్నొకటి పిలుచుకునేవి. ఎందుకు పిలిచావని ఎవరూ అడగరు. అందరి తరఫునా అరిచి అరిచి చిలక గొంతు బొంగురుపోయింది.

ఎవరూ పిలవనిది ఒంటినిండా పొలుసులుండే అలుగు, సూరమ్మ ఒక్కదాన్నే. చెదలు తినడానికి సింహం తాత నాడు వచ్చిన ముసలిది. మాను మొదట్లో నాలుక చాపి తన పని తాను చేసుకునేది. దారిన పోయే సింహాన్ని మాత్రం "ఏం నాయనా చెంగల్రాయుడూ, తిన్నావా?" అని పలకరించేది. అందరి ముందూ! సింహానికి తల కొట్టేసినట్టుండేది.

నెల తిరిగింది. టక్ టక్ టక్. సూరమ్మ పేరు పొట్టు పొట్టుగా రాలిపోయింది.

"ఈ వయసులో ఎక్కడికి పోనురా గుర్నాథం?"

"నిన్నెవరైనా పిలిచారా అవ్వా?"

"పిలిచే అవసరం రానివ్వలేదు కదరా!"

"అదే నీ తప్పు."

సింహం అటు తిరిగి మీసం దువ్వుకుంది. సూరమ్మ ఒక్కతే వాగు దాటిపోయింది.

రెండో నెల చివర వడ్రంగిపిట్ట మాను చిటారుకి ఎగిరింది. అక్కడున్న పేరు చెంగల్రాయుడు. తాత పేరే మనవడికి పెట్టారు. ఆ తాతా పొరుగడవి నుంచి వచ్చినవాడే మరి, ఏలడానికి.

"ఆగవే! నేను ప్రభువుని!"

"ఆ పేరు మాను మీద లేదండీ. ఈ పేరేమో నెలంతా ఎవరూ పిలవలేదండీ."

"పిలవండ్రా నన్ను!" గర్జించింది సింహం.

"ప్రభూ!" అన్నాయి అన్నీ, భక్తిగా.

"పేరు పెట్టి పిలవండ్రా!"

"అమ్మమ్మ, అంత అపచారమా ప్రభూ!" అని నక్క చెంపలేసుకుంది.

టక్. ఒక్కటే దెబ్బ. సూరమ్మ పోయాక లోపలంతా చెదలు తినేసిన మాను, పేర్లన్నిటితో సహా కచేరీ మీద కూలింది.

ఆజ్ఞ ఆజ్ఞే, పంజా ముద్ర తనదే. సింహం తోక ముడుచుకుని వాగు దాటింది. వెనకాలే నెమలి, కోతులు, చిలక, నక్క.

అవతలి ఒడ్డున ఓ పుట్ట పక్క నుంచి ముసలి తల ఒకటి పైకి లేచింది.

"ఏం నాయనా చెంగల్రాయుడూ, తిన్నావా?"

"లేదవ్వా," అంది సింహం.

నీతి: ఎవరికీ అక్కర్లేనివాళ్ళని ఏరి పారెయ్యాలనుకుంటే, ముందు నిన్ను పేరు పెట్టి పిలిచే అవ్వని ఒకత్తెని దాచిపెట్టుకో.