ముప్పైకి ముప్పై

"నిజం మాత్రం చెప్పకే తల్లీ, నీకు దణ్ణం పెడతా," అంది తల్లి, ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే.

"ఊరుకోమ్మా," అంది కూతురు, ఆసుపత్రి హాలు గుమ్మంలో తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ. ఆ ఆసుపత్రిలో ఆరేళ్ళుగా టెంపరరీ నర్సు. పర్మనెంటు కాగితం మీద మంత్రిగారు ఇవాళే సంతకం పెట్టాలి. మూడు రోజులుగా తల్లికి ముద్ద దిగడం లేదు.

మంత్రిగారు గంట మాత్రమే ఆలస్యంగా వచ్చి, మైకు అందుకున్నారు. "మతిమరుపు జబ్బున్న పెద్దలందరికీ ఇకమీదట ప్రభుత్వమే పరీక్ష చేస్తుంది! రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో తేలుస్తాం!" ఇంత గొప్ప మాట కాగితం చూడకుండా చెప్పడం కష్టం. ఆయన చూసే చెప్పారు. అసలు రోగులను, కెమెరాలకు అడ్డమని, వరండాలో కూర్చోబెట్టారు.

ఆ పరీక్ష తల్లికి కంఠతా వచ్చు. ఇవాళ అందరి ముందూ ప్రశ్నలు అడగాల్సింది కూతురే, ఇంట్లో ఆమె మీదే సాధన చేసింది. పది ప్రశ్నలు. జవాబు రోగి చెప్పకూడదు, దగ్గరుండి చూసుకునేవాళ్ళు చెప్పాలి. సొంతంగా చేసుకుంటే సున్నా, పూర్తిగా ఇంకొకరు చేసిపెడితే మూడు. అంకె పెరిగేకొద్దీ మనిషి తరిగినట్టు. మొదట్నుంచీ చేతకాని పని లెక్కలోకి రాదు. ఒకప్పుడు చేసుకుని, ఇప్పుడు చేసుకోలేకపోతేనే జబ్బు.

"మొదటి పరీక్ష నాకే!" అంటూ మంత్రిగారు కుర్చీలో కూర్చున్నారు.

వెనక వరసలో తల్లి కుర్చీ అంచుకు జరిగింది.

జవాబులకు పి.ఏ. ముందుకొచ్చాడు. ఆయనకు అతనికంటే దగ్గరివాళ్ళు లేరు.

"టీ సొంతంగా పెట్టుకుంటారా?"

"సార్‌ని స్టవ్వు దగ్గరికే పోనివ్వం."

"మునుపు?"

"పార్టీ ఆఫీసులో వందమందికి సారే పెట్టేవారు మేడమ్! పదవి వచ్చాకే మానేశారు."

కూతురు మూడు వేసింది.

"ఇంటికొచ్చిన కాగితాలు?"

"నేను చదువుతా. సార్ తలూపుతారు."

"పోయిన వారం జరిగినవి గుర్తుంటాయా?"

"ఇచ్చిన మాటలా? గుర్తుపెట్టుకోడానికి ఆఫీసులో ముగ్గురున్నారు. వాళ్ళూ మర్చిపోతారనుకోండి."

"ఒంటరిగా బయటికెళ్ళి తిరిగి రాగలరా?"

"ఒంటరిగానా!" పి.ఏ. మురిసిపోయాడు. "పోయిన నెల డ్రైవరు పక్కకెళ్తే, గంటసేపు కార్లోనే కూర్చున్నారు. తలుపు తీసేవాళ్ళేరీ?"

మంత్రిగారు నిండుగా తలూపారు. వెనక వరసలోంచి తల్లి రెండు వేళ్ళు చూపిస్తోంది: రెండు వెయ్యవే, మూడొద్దే. కూతురు చూడనట్టే మూడు వేసింది. పదో ప్రశ్న అయ్యేదాకా మూడే వేసింది.

"ఎన్నొచ్చాయమ్మా?"

"ముప్పైకి ముప్పై, సార్."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పి.ఏ. కళ్ళు ఒత్తుకున్నాడు. పెద్ద డాక్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"బళ్ళో కూడా నాకెప్పుడూ ఇన్ని రాలేదు!" అన్నారు మంత్రిగారు, కెమెరాల వైపు తిరిగి. "ఆ అమ్మాయి కాగితం తెండి!"

పి.ఏ. పెన్ను మూత తీసి అందించాడు. పెన్ను కాగితం దాకా వచ్చి ఆగింది.

"అవునూ, తక్కువ మార్కులొచ్చినవాళ్ళ సంగతేంటి?"

డాక్టరు ఫ్యాను వంక చూశాడు. పి.ఏ. డాక్టరు వంక చూశాడు. చివరికి కూతురు నోరు తెరవబోవడం తల్లి చూసింది. గబుక్కున లేచి నిలబడింది.

"వాళ్ళ పనులు వాళ్ళే చేసుకుంటారు బాబూ."

"అయ్యో పాపం," అన్నారు మంత్రిగారు, పి.ఏ. వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తూ.