రౌటరు దుర్గంలో పదకొండో ఫోను

స్వస్తి! సప్తగిరుల నీడలో, గ్రీష్మప్రతాపానికి సందులన్నీ నిర్మానుష్యమైన తిరుపతి మహాపురంలో, ఆ మధ్యాహ్నం ఆ ఇంట ఉన్నవారు ముగ్గురే: కునుకు తీస్తున్న మునిరత్నమ్మవ్వ, ఫోనులో క్రికెట్టు చూస్తున్న చిన్నాయన లోకేష్, గట్టిగా మాట్లాడితే గోడలు నొచ్చుకుంటాయేమోనని జంకే, కార్వేటినగరం నుంచి వచ్చిన హేమశ్రీ. ఆ ఇంట దిగిన గూడూరు చుట్టాలందరూ కొండకు దర్శనానికి వెళ్ళారు.

హేమశ్రీ తన కాలేజీ ఎంపికలు ఇంటర్నెట్టులో పంపడానికి అయిదింటికి గడువు. సిమ్ములేని పాత ఫోనే ఆమె ఆయుధం. వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక అంకెల చిరునామా ప్రసాదించి, అది లేనివారికి ఇంటర్నెట్టు తలుపు తెరవని హరితనేత్రుడు, గోడమీది వైఫై రౌటరు, శరణన్న హేమశ్రీకి మాత్రం గిరగిర తిరిగే చక్రాన్నే చూపించాడు.

"చిన్నాయనా, రౌటరు నాకు అడ్రసు ఇయ్యలా."

"పక్కింటోళ్ళు దూరతారని పది అడ్రసులే పెట్టించినాను. ఉండేది ముగ్గురం, పది సాలవా? నీ ఫోనే డొక్కుది, పో!"

ఆ వాగ్బాణహతికి హేమశ్రీ వెనుదిరుగుతుండగా, అవ్వ మంచం కిందినుంచి ఒక మెసేజీ మోత! గుడిలోకి ఫోన్లు పోనియ్యరని చుట్టాలు గంపలో వదిలిన ఫోన్లు తొమ్మిది. యజమానులు క్యూలో గోవింద కొడుతుండగా ఇవి ఇక్కడ తలా ఒక చిరునామా ఆక్రమించి శయనించాయి. పదోది చిన్నాయనది.

చేయి చాచిందో లేదో, అవ్వ సింహనాదం: "ఎవురది? నన్ను నమ్మి పెట్టిపోయినారు, ముట్టుకోవద్దు!"

అంతట ఆ మితభాషిణి, జన్మలో లేనంత దీర్ఘోపన్యాసం చేసింది: "అవ్వా, ఒక్కటి ఆపుతా. అడ్రసు రాకుంటే నా కాలేజీ పోతాది."

అవ్వ ఆలోచించింది. "మీ మామది ఆపు. ఒకటే మోత, కన్ను మూయనీలేదు."

మామ ఫోను కూలింది. అయినా, పోయినవాడు మళ్ళీ వస్తాడేమోనని కొన్ని గంటలదాకా చోటు అట్టిపెట్టే ఆ మొండి రౌటరు చలించలేదు. హేమశ్రీ దాని ప్లగ్గు పెరికింది.

"ఎవుర్రా అది! ఆఖరి ఓవరు!" చిన్నాయన ఆర్తనాదం.

ప్లగ్గు గుచ్చగానే మళ్ళీ దీపం వెలిగింది, పాత లెక్క మరిచిన రౌటరు మొదటినుంచి పంచాడు, అష్టఫోనులూ చిన్నాయనా ముందే ఎగబడగా మిగిలిన ఏకైక స్థానం, ఒకటో అంకె రౌటరుదే గనుక చివర పదకొండు అంకెగల పదో చిరునామా, కార్వేటినగర కన్యకు దక్కింది! ఎంపికలూ చేరాయి.

"అవ్వా! వచ్చేసినాది!" గోడలు అదిరాయి.

"అబ్బబ్బ! కొండమీదికి ఇనబడాల్నా? ఆ మోత ఆపితే ఈ మోతా!" అంటూ లేచిన అవ్వ, విజేత ముఖం మీదే తలుపు వేసేసింది.