ఎవరికీ కనబడని మాటలు

పదింటికల్లా ఆఫీసుకు వెళ్లి, సిబ్బంది సెలవు అడగడానికి వాడేలా తను రాసిన యాప్‌ని మేనేజరుకు చూపించాలి. గుమాస్తా ఆ ఉదయం పెట్టుకున్న పని అదొక్కటే. లెక్కల విభాగం ఎత్తేశారు. యాప్ రాయడం నేర్చుకున్నవాడికే ఇక్కడ కుర్చీ ఉంటుందని మేనేజరు తేల్చి చెప్పాడు. ఆ తర్వాత యజమాని కూడా చూస్తాడట.

యాప్ తెరుచుకుంటోంది గానీ మధ్యలో ఆగిపోతోంది. ప్రోగ్రాంలో అక్కడక్కడా ఒక మాట రాసుకుంటే, అక్కడిదాకా నడిచినప్పుడు ఆ మాట కన్సోల్ అనే విండోలో పడుతుందనీ, ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి తెలుస్తుందనీ పాఠంలో చెప్పారు. ఆ విండో ఎలా తెరవాలో చెప్పేసరికి అతను కునుకు తీశాడు. "నమస్కారం" అని రాశాడు. ఎక్కడా కనబడలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని రాశాడు. ఉలుకూ పలుకూ లేదు. ఏడుపొచ్చింది.

"నేను రాసిందంతా ఎటు పోతోందో తెలీట్లేదే. నా పని అయిపోయింది," అన్నాడు భార్యతో.

"ఎవరికీ కనబడదు కదా! అయితే కడుపులో ఉన్నదంతా రాసి పారెయ్యండి. మనసన్నా తేలికవుతుంది."

"ఈ ఉద్యోగం పోతే పిల్లల మొహం ఎలా చూడను?" అని రాశాడు.

"ఆ మేనేజరుకి మాత్రం ఏం వచ్చని? ఒట్టి డాబు! అదీ రాయండి," అంది ఆవిడ. అదీ రాశాడు. హడావిడిలో ఏదీ తీసెయ్యకుండానే బయల్దేరాడు.

ఆఫీసులో గోడంత తెర మీద యాప్, ఎదురుగా సిబ్బంది అంతా. అక్షరాలు పెద్దవి చేద్దామని మేనేజరు ఏవో బటన్లు నొక్కాడు. తెర అడుగున కొత్త విండో ఒకటి తెరుచుకుంది. పొద్దున్న గుమాస్తాకు దొరకనిది అదే. యాప్ నడుస్తున్నకొద్దీ అందులో ఒక్కొక్క మాటే పడసాగింది. పిల్లల మాట దగ్గర టైపిస్టు కళ్లొత్తుకుంది. తర్వాతి మాట దగ్గర అందరూ మేనేజరు వైపు చూశారు. యాప్ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఎక్కడ ఆగుతోందో గుమాస్తాకు ఇప్పటికి తెలిసింది.

మేనేజరు అందర్నీ బయటికి పంపి తలుపు వేశాడు.

"నాకేమీ రాదని నీకెవరు చెప్పారయ్యా?"

"మా ఆవిడండీ."

"ఆవిడకెలా తెలిసింది?" అంటూ మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రోజూ కాసేపు నాకూ నేర్పు. నీకు పుణ్యముంటుంది. ముందు ఆ విండో మూసెయ్, పెద్దాయన వచ్చే వేళయింది."

"తెరిచింది మీరు కదండీ!"

"ఏం నొక్కానో నాకేం తెలుసు?"

ఎవరో తలుపు తట్టారు. యజమానికి చదవడం మాత్రం బాగానే వచ్చు.